అమ్మను లేపిన చేను

తాడిమర్రికి అవతల నల్లకుంటపల్లిలో ఎర్రిస్వామి అని ఒక రైతు ఉన్నాడు. సొంత చేనికి దొంగలా పోయే రైతును మీరెక్కడైనా చూశారో లేదో గానీ, ఈయన అలాగే పోతాడు. ఊరి నుంచి బండిబాట తిన్నగా అతని చేని గట్టుకే తీసుకుపోతుంది. దాన్ని వదిలి కంపచెట్ల వెనకనుంచి చుట్టూ తిరిగి, తూర్పు గట్టు ఎక్కి దిగుతాడు. ఎవరైనా అడిగితే "ఆ దిక్కు చల్లగుంటాదప్పా" అంటాడు. తాడిమర్రి మండలంలో చల్లని దిక్కు ఎక్కడుందో అతనొక్కడికే తెలియాలి. అసలు సంగతేమిటంటే, బండిబాటన పోతే చేని నైరుతి మూల కళ్ళబడుతుంది. ఆ మూలలో ఒకప్పుడు వాళ్ళమ్మ సమాధి ఉండేది. ఇప్పుడు లేదు. తీసేసింది తనే.

వాళ్ళది గొర్రెలు కాసే కురబల ఇల్లు. నాయన లింగప్ప ఏటా ఎండాకాలం వస్తే గొర్రెల్ని తోలుకొని కర్నూలు కాలవల దిక్కుకు పోయేవాడు. అక్కడ కోతలైన మళ్ళలో మంద కట్టేవాడు. రాత్రంతా గొర్రెలు పడుకొని లేస్తే ఆ మడికి ఎరువు, రైతు పెట్టే గింజలు వీళ్ళకు తిండి. అమ్మ మారక్క కూడా వెంట నడిచేది. ఎర్రిస్వామి పుట్టిందీ అట్లాగే, ఎవరిదో కోసేసిన వరిమడిలో, మంద పక్కన. ఊరూరూ తిరిగి ఇతరుల పొలాలకు బలం పోసిన ఆ మొగుడూ పెళ్ళాలు చివరికి తమకంటూ కొనుక్కున్నది రాళ్ళతో నిండిన మెట్టచేను. దాన్ని చూసి ఊరు నవ్వింది. నాగలి దిగని చోట ఏం పండిస్తావప్పా, రాళ్ళా అని అడిగారు. మారక్క మాట్లాడకుండా కొంగు దోపుకొని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఒడి నిండగానే నైరుతి మూలకు పోయి కుప్పలో పోసేది. కొన్నేళ్ళకు ఆ కుప్ప మనిషెత్తు లేచింది, చేను చేనైంది. ఆ కుప్ప నీడన కూర్చొని ముద్ద తింటూ ఒకరోజు మొగుడితో అన్నది: "నేను సస్తే నన్ను ఈడనే పెట్టు. యాడికీ మోసుకపోవద్దు."

ఆమె ముందుగానే పోయింది, పసుపు కుంకాలతో, చేతినిండా గాజులతో. లింగప్ప ఆమె చెప్పిన చోటే మన్ను చేశాడు. ఆ పక్కనే ఒక రాయి నాటుకున్నాడు. అది ఆయన జాగా. ఆ ప్రాంతంలో చేను ఉన్నవాళ్ళు చేనిలోనే పెద్దల్ని పెట్టుకుంటారు. పెద్దల అమాసనాడు ఓళిగలు, అన్నం, వాళ్ళకిష్టమైన కూర విస్తరిలో పెట్టుకొని పోయి, సమాధి కడిగి, బొట్లు పెట్టి, అక్కడే కూర్చొని తాము కూడా తింటారు. చేను లేనివాళ్ళకు ఊరి పక్కన పారే వంక గట్టు ఉంది. చేను ఉండీ వంకలో పండుకోవడమంటే ఇల్లుండి రచ్చబండ మీద పండుకున్నట్టు. ఎవరూ అట్లా చేయరు.

ఎర్రిస్వామికి గొర్రెల వాసన చిన్నప్పటినుంచీ పడదు. బడికి పోయినన్నాళ్ళు పిల్లలు ముక్కు మూసుకున్నారో, తనకే అట్లా అనిపించిందో తెలియదు గానీ, కంబళి మీద వేసుకోవడం అప్పుడే మానేశాడు. ధర్మవరం పోయి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. నడుము నొప్పని లేచి వచ్చాడు. చెల్లెలు సిద్దమ్మను హిందూపురంలో ఇచ్చారు గదా అని అక్కడికి పోయి మిల్లులో చేరాడు. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మళ్ళీ ఊరే గతి. వేరుశనగ వేశాడు. వేరుశనగ సంగతి చెప్పేదేముంది, వాన రావాల్సినప్పుడు రాదు, కాయ పీకేటప్పుడు వస్తుంది. మనిషి చెడ్డవాడు కాడు. భార్య భాగ్యను ఒక మాట అన్నది లేదు, ఎవరి జోలికీ పోలేదు. కానీ ఏ పనిలోనూ నిలవని మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడినుంచో ఏదో వచ్చి తనను ఎత్తుకుపోతుందని కాచుకుంటాడు. అట్లా కాచుకున్నవాడికి బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ మాట చెవిన పడింది.

ఆ మాట తెచ్చినవాడు చంద్రమోహన్, ధర్మవరంలో ఎరువుల అంగడి. పదిహేనేళ్ళ కిందటి మాట ఇది. ఒకరోజు తెల్ల కారులో ఇద్దరు ప్యాంటు చొక్కాల వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చి, ఊరికి దక్షిణం దిక్కు భూములన్నీ చేయి చాపి చూపించాడు. వారం తిరిగేసరికి ప్రతి నోటా అదే మాట. ఆకాశమంత పొగగొట్టం లేస్తుందట. రైలుకట్ట వేసి బొగ్గు తెస్తారట. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగమట. వేరుశనగతో విసిగిపోయిన ఊరు ఆ మాటలు నమ్మింది. లింగప్ప ఒక్కడే గొర్రె గిట్టలు గీకుతూ తల ఎత్తకుండా అన్నాడు:

"బిందెడు నీళ్ళకు ట్యాంకరు కోసరం కాచుకోనుండాం. అంత ఫ్యాక్టరీకి నీళ్ళు యాడినుంచి తెస్తారంటరా?"

"నీకు తెల్దులే నాయనా. వాళ్ళు సదువుకున్నోళ్ళు."

లింగప్ప ఇంకో గిట్ట పట్టుకున్నాడు. ఎండాకాలం వచ్చింది, మంద తోలుకొని కాలవల దిక్కుకు పోయాడు.

ఆయన పోయిన కొన్నాళ్ళకు, ఎరువుల అంగడి అరుగు మీద చంద్రమోహన్ ఎర్రిస్వామికి టీ తాపించి చల్లగా ఒక మాట చెవిలో వేశాడు.

"సర్వే వాళ్ళు వచ్చే వారం వస్తాండారు. నీ చేని నంబరు బాగనే పడింది గానీ, ఒక్కటే అడ్డం. మీయమ్మ సమాధి ఉండాది గదా చేన్లో. సమాధులుండే నంబర్లు కంపెనీ వాళ్ళు ముట్టుకోరంట. పక్కన పెట్టి పోతారు."

"అయితే ఏం జేయాలన్నా?"

"అది నేను చెప్పేది కాదప్పా. మీయమ్మ, మీ ఇష్టం."

ఇట్లాంటి సలహా ఇచ్చేవాళ్ళను దండించడానికి ఏ కోర్టూ లేదు, ఎందుకంటే వాళ్ళు ఏమీ చెప్పి ఉండరు. ఎర్రిస్వామి ఇంటికి వచ్చి ముద్ద ముందు కూర్చొని ఆ మాట భాగ్యతో అన్నాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"మామ రానీ. ఆయన్ని అడిగి చేద్దువు."

"ఆయన వచ్చేలోపల సర్వే అయిపోతాది. అడిగినా ఒప్పుకోడు."

ఒప్పుకోడని తెలుసు. తెలిసే చేశాడు. తరువాత ఎన్ని తీరులుగా తనకు తాను సర్దిచెప్పుకున్నా, ఆ పూట తన నోటితో తానే అన్న ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఎర్రిస్వామికి దారి మూసుకుపోయేది.

ఊళ్ళో గుంతలు తవ్వేది దేవసహాయం. ఆదివారం తాడిమర్రి చర్చికి పోతాడు, మిగతా రోజులు కూలికి. మారక్కకు గుంత తవ్వింది అతనే. ఎర్రిస్వామి వచ్చి పని చెప్పగానే చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. మీ నాయన ఎరుకేనా అని అడిగాడు. ఎరుకే అన్నాడు ఎర్రిస్వామి. అది రెండో తప్పు, మొదటిదానికన్నా చిన్నదేం కాదు.

పొద్దు పొడవగానే ఇద్దరూ చేనికి పోయారు. ఎర్రిస్వామి తన ఎక్సెల్ బండిని గట్టు మీద నిలబెట్టాడు. తవ్వుతుంటే మొదట ఆకుపచ్చ గాజుపెంకులు వచ్చాయి. దేవసహాయం పార పక్కన పెట్టి, అక్కడినుంచి చేతులతోనే మన్ను తోడాడు. ఎముకలన్నీ ఒక పక్కకు చేర్చి తల ఎత్తి అడిగాడు:

"గుడ్డ యాడప్పా?"

ఎర్రిస్వామి గుడ్డ తేలేదు. పార తెచ్చాడు, గడ్డపార తెచ్చాడు, నీళ్ళ సీసా తెచ్చాడు. కన్నతల్లిని దేంట్లో మోసుకుపోవాలన్నది అతనికి తోచనేలేదు. బండి హ్యాండిల్‌కు ఖాళీ యూరియా సంచి ఒకటి తగిలించి ఉంది. అతని చూపు దాని మీదికి పోయింది. దేవసహాయం ఆ చూపును చూశాడు. తన భుజం మీది తువ్వాలు తీసి దులిపి నేల మీద పరిచాడు.

వంక గట్టు మీద చివరాఖరున ఒక చిన్న గుంత తీసి, తల దక్షిణం దిక్కు వచ్చేటట్టు అందులో పెట్టారు. తిరిగి వచ్చి చేనిలో గుంత పూడ్చి, చదును చేసి, లింగప్ప తన కోసం నాటుకున్న రాయిని కూడా పీకి కుప్పలో వేశాడు ఎర్రిస్వామి. బతికున్న తండ్రి జాగా అది. ఆ సంగతి చేతులు దులుపుకున్నాక తట్టింది.

సర్వే వాళ్ళు వచ్చారు. గొలుసులు పట్టారు, రాళ్ళు నాటారు. ఎర్రిస్వామి వాళ్ళ వెంట తిరుగుతూ, అడగకపోయినా, "ఈడ సమాధి ఉండె సార్, తీసేసినా" అని చెప్పాడు. గొడుగు కింద నిలబడ్డ సర్వేయరు ఆశ్చర్యపోయాడు.

"ఎందుకు తీశావయ్యా? ఎవరు చెప్పారు నీకు? ఉంటే ఉన్నట్టు రాసుకుంటాం. పక్క చేలల్లో ఉన్నాయి కదా."

పక్క చేలల్లో ఉన్నాయి. ఊళ్ళో ఇంకెవరూ తమ పెద్దల్ని కదిలించలేదు. అక్కడ నిలబడ్డ రైతులంతా ఆ మాట విన్నారు, విని వేరే దిక్కు చూశారు. ఎర్రిస్వామికి ఆ ఎండలో నిలబడ్డచోటే నేల బీటవారితే బాగుండుననిపించింది.

వానల ముందర లింగప్ప మందతో తిరిగి వచ్చాడు. ఏటా చేసినట్టే ఇంటికి రాకముందు చేనికి పోయాడు, వచ్చానని ఆమెకు చెప్పి రావడానికి. ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. కాళ్ళు కడుక్కున్నాడు. లోపల గోడకు ఆనుకొని నిలబడ్డ కొడుకు వినేటట్టుగానే కోడల్ని అడిగాడు:

"యాడ పెట్టినారు?"

"వంక గట్టున, మామా."

లింగప్ప తల ఊపాడు. కూర్చున్నాడు. ముద్ద తిన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు, చేయెత్తలేదు. ఎర్రిస్వామి ఆ రోజు తిట్ల కోసం కాచుకున్నాడు, మర్నాడు కాచుకున్నాడు. అవి రాలేదు. ఆ తరువాత తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదని కాదు. గొర్రెకు మందు తాపాల, గడ్డి తేవాల, వాన వచ్చేటట్టుంది. అంతవరకే. పెద్దల అమాస వస్తే లింగప్ప విస్తరి పట్టుకొని ఒక్కడే వంకకు పోయేవాడు. కొడుకును రమ్మనడు, రావద్దనడు. ఎర్రిస్వామి వాకిట్లో నిలబడి చూస్తుండేవాడు. వెంటపోయే మొహం లేదు. ఇంట్లో కూర్చొని ఓళిగ తింటే గొంతు దిగేది కాదు.

ఫ్యాక్టరీ వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఆ పొగలో, ఆ సందడిలో ఆ తప్పు కూడా కలిసిపోయేదేమో. ఫ్యాక్టరీ రాలేదు. ఒకసారి బొగ్గు దొరకలేదన్నారు, ఒకసారి నీళ్ళు ఇవ్వలేదన్నారు. కంపెనీ పేరు మారిందన్నారు. ప్రభుత్వాలు మారాయి. ఓట్ల కాలం వచ్చినప్పుడల్లా వచ్చేస్తోందన్నారు. చేలన్నీ నిషేధం కింద పడిపోయాయి, అమ్ముకోవడానికి లేదు, బ్యాంకులో పెట్టుకోవడానికి లేదు. పెనుకొండ ఆఫీసులో అడిగితే ధర్మవరం పొమ్మన్నారు, ధర్మవరంలో అడిగితే పైనుంచి రావాలన్నారు. పై అంటే ఎంత పైనో ఎవరూ చెప్పలేదు. ఈలోగా ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ మాట వచ్చింది, చూస్తుండగానే లేచింది, కార్లు బయటికి వచ్చాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే. ఎర్రిస్వామి కొడుకు హరి పోయి అక్కడ కాంట్రాక్టు పనిలో చేరాడు. నల్లకుంటపల్లి చేలల్లో మాత్రం సర్వేరాళ్ళు అట్లాగే ఉన్నాయి, మేకలు వాటికి వీపు రుద్దుకుంటాయి.

ఊరు ఎర్రిస్వామిని వెక్కిరించిందా అంటే, లేదు. అదే అతన్ని కాల్చింది. కల్లు తాగి ఎవడో ఒకడు మొహం మీద అనేసి ఉంటే, కొట్లాడో ఏడ్చో బయటపడేవాడు. ఎవరూ అనలేదు. సమాధుల మాట వస్తే అతన్ని చూసి ఆపేసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోబెట్టుకొని మర్యాదగా వడ్డించేవాళ్ళు. ఆ మర్యాదకు అతను నిలువునా కుంగిపోయేవాడు. చంద్రమోహన్‌కైతే ఆ అరుగు మీది మాటే గుర్తులేదు. ఒకసారి సంతలో కలిసి, "ఏమప్పా, మీయమ్మ పోయిందంట గదా, ఎప్పుడు?" అని పరామర్శించాడు.

ఈ ఏడు తొలకరికి ముందు పేపర్లో వచ్చింది, బొగ్గు ఫ్యాక్టరీ ప్రతిపాదన రద్దు, భూములు ఎవరివి వాళ్ళకే. ఊళ్ళో కొందరు టపాకాయలు కాల్చారు. పోయిన చేను తిరిగొచ్చిందని దేవుడికి టెంకాయలు కొట్టారు. ఎర్రిస్వామి ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఇన్నేళ్ళూ మనసు అడుగున ఒక చిన్న సాకు దాచుకొని బతికాడు. ఎప్పుడైనా వస్తే, వచ్చి చేను పోతే, ముందుగా అమ్మను తీసి మంచిపనే చేశాడనిపించుకోవచ్చు. ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది. చేను ఉంది, అమ్మ లేదు. అంతే లెక్క.

అదే నెలలో లింగప్ప దొడ్డిలో జారిపడ్డాడు. ధర్మవరం ఆస్పత్రికి తీసుకుపోతే చూసి, వయసైపోయింది, ఇంట్లోనే చూసుకోండి అన్నారు. వాకిట్లో వేపచెట్టు కింద కంబళి పరిచి పడుకోబెట్టారు. హిందూపురం నుంచి సిద్దమ్మ వచ్చింది. నాయన దగ్గర ఒక పూటంతా కూర్చొని, లేచి వచ్చి అన్నను గొర్రెల దొడ్డి వెనక్కి పిలిచింది.

"నాయన అమ్మ పక్కన పెట్టమంటాండాడు. యాడుంటే ఆడ, ఆమె పక్కన. ఈసారన్నా అడిగినట్టు చెయ్యన్నా."

ఈసారన్నా అన్న మాటకు ఎర్రిస్వామి నేల చూశాడు. చెల్లెలు పెద్దగా ఏమీ అనలేదు. కానీ ఇన్నేళ్ళలో ఒకరు అన్నదంటూ ఉంటే అదే.

దేవసహాయాన్ని తీసుకొని వంకకు పోయాడు. చాలా ఏళ్ళయింది అతను అక్కడికి వచ్చి. కంప పెరిగిపోయింది. దేవసహాయం తిన్నగా పోయి ఒక చోట ఆగాడు. నాలుగు గుండ్రాళ్ళు, వాటి మీద పోయిన ఏటి పెద్దల అమాసనాటి కుంకుమ మరక. లింగప్ప పెట్టిన రాళ్ళవి. వాటికి ఆనుకొని కుడిపక్కన ఇంకో దిబ్బ ఉంది.

"ఇదెవురిది?"

"అంకమ్మది. కరోనాలో పాయె గదా. అప్పుడు యాడ జాగా ఉంటే ఆడ పెట్టినారు. అడిగేటోళ్ళు ఎవురు?"

ఎడమపక్క అసలు నేలే లేదు. వంక పారినప్పుడల్లా గట్టు కొంచెం కొంచెంగా కోసుకుపోయి, మారక్క రాళ్ళ పక్కన బెత్తెడు మన్ను మిగిలింది, దాని కింద వంకే. ఎర్రిస్వామి ఆ అంచున నిలబడి అటూ ఇటూ చూశాడు. నాయన పండుకోవడానికి ఏ పక్కనా జాగా లేదు. చేనిలో ఆయన రాయి నాటుకున్న చోట ఒక మంద కట్టేటంత జాగా ఉంది.

"దేవసహాయం," అన్నాడు. "అమ్మను మళ్ళా చేన్లోకి తీసకపోదాం. ఇద్దర్నీ ఆడనే పెడతా. పాత చోటనే."

దేవసహాయం కంప మీద చూపు నిలిపి నింపాదిగా అన్నాడు.

"నా చేత కాదప్పా. మీ నాయనకు ఎరుకేనా అని ఆ పొద్దు అడిగితే ఎరుకే అంటివి. నమ్మి తవ్వితి. ఇంటికి పోతే తువ్వాల యాడని మా ఆడమనిషి అడిగె. పారేసుకున్న్యా అని చెప్తి. ఇప్పటికీ అట్లనే ఉండాది ఆ మాట. పండుకున్న మనిషిని ఎన్నిసార్లు లేపుతావు? నువ్వు పోయి ముందు మీ నాయన్ని అడుగు."

ఎర్రిస్వామికి తెలియనిదొకటి ఆ పూట తెలిసింది. తన సిగ్గు తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఈ మనిషి కూడా దాన్ని ఇంట్లో పెళ్ళానికి చెప్పుకోలేక మోస్తున్నాడు. ఆ తువ్వాలుకు బదులు ఇంకో తువ్వాలు కొనియ్యాలన్న బుద్ధి కూడా తనకు పుట్టలేదు.

మధ్యాహ్నం, ఎండ వేపాకుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతున్న వేళ, నాయన కంబళి అంచున కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకొని, చిన్నపిల్లాడు అయ్యవారికి అప్పజెప్పినట్టు చెప్పాడు. పక్కన జాగా లేదు. ఒక దిక్కు అంకమ్మ, ఒక దిక్కు వంక. అమ్మను మళ్ళా చేనికి తెస్తాను.

లింగప్ప కళ్ళు మూసుకొని విన్నాడు.

"ఆమెను ముట్టుకోవద్దు," అన్నాడు చివరికి.

"అట్లయితే నిన్ను చేన్లో పెడతా నాయనా. నువ్వు బాగుచేసిన చేను."

"చేన్లో ఎవురుండారురా?"

ఎర్రిస్వామి ఈగలు తోలుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి, ఎన్నేళ్ళుగానో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట దానంతటదే బయటికి వచ్చింది.

"నన్ను యాల తిట్టల్యా నాయనా?"

లింగప్ప కళ్ళు తెరిచి కొడుకును చూశాడు. కోపంగా కాదు. మందలో కుంటుతున్న గొర్రెను చూసినట్టు చూశాడు.

"తిట్టింటే నీకు ఆడికే తీరిపోయేది గదరా."

ఆ మాట అన్నాక ఆయాసం వచ్చింది. భాగ్య నీళ్ళు తాపింది. రెండు గుక్కలు మింగి, మూతి తుడుచుకొని మళ్ళీ తనే అన్నాడు:

"ఆమె కాళ్ళ దిక్కు జాగా ఉండాదా?"

ఎర్రిస్వామికి మొదట అర్థం కాలేదు. అక్కడ మనిషిని దక్షిణం దిక్కు తల పెట్టి పండబెడతారు. మారక్క కాళ్ళు ఉత్తరం దిక్కున ఉన్నాయి. ఆ కాళ్ళ దగ్గర నాయనను పెడితే, ఆయన తల పోయి పెళ్ళాం పాదాలకు తగులుతుంది. మొగుణ్ణి పెళ్ళాం కాళ్ళ కింద పెట్టిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు.

"వద్దు నాయనా. ఊరు ఏమనుకుంటాది?"

"నా కడుపున పుట్టినోడు ఆమెను వంకలో పెట్టినప్పుడు అనుకోల్యా?" అన్నాడు లింగప్ప. "ఆడనే పెట్టు."

నాలుగు రోజులకు ఆయన పోయాడు, పొద్దున్నే, గొర్రెలు దొడ్డి దాటకముందే. హరి ఎర్రమంచి నుంచి వచ్చాడు. ఊరంతా వచ్చింది. డోలు కొట్టుకుంటూ, ఆయన కంబళి ఆయన మీదే కప్పి వంకకు మోసుకుపోయారు. చేనికి తిరిగే చోట పాడె మోస్తున్నవాళ్ళు అలవాటుగా అటు మళ్ళబోయి, ఎర్రిస్వామి చేయి చూపితే వంక దిక్కుకు తిరిగారు. అప్పుడే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. గుంత దగ్గరికి వచ్చి, అది ఎక్కడ తవ్వి ఉందో చూశాక డోలు ఆగిపోయింది. కులంలో పెద్ద తిమ్మరాజు, చేతికర్ర నేలకు ఆనించి ముందుకు వచ్చాడు.

"ఇదేం పద్ధతప్పా ఎర్రిస్వామీ? మొగమనిషిని ఆడమనిషి కాళ్ళకాడ పెట్టేది యాడన్నా ఉండాదా? ఎవురు చెప్పినారు నీకు?"

ఎవరు చెప్పారు నీకు. ఈ ప్రశ్న అతన్ని ఒకసారి ఒక సర్వేయరు అడిగాడు. అప్పుడు నోరు రాలేదు. ఎర్రిస్వామి చుట్టూ చూశాడు. సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. హరి తలవంచుకొని ఉన్నాడు. నాయన చెప్పాడు అంటే చాలు, చచ్చినవాడి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. చచ్చిపోయిన నాయన వెనక దాక్కోవడానికి అతనికి మనసు రాలేదు.

"పక్కన జాగా లేదు పెదనాయనా," అన్నాడు. "అమ్మ చేన్లో ఉండె. నాయన ఊళ్ళో లేనప్పుడు, ఆయన్ని అడక్కుండా, ఫ్యాక్టరీ వస్తాదని లేపి ఈడికి తెచ్చింది నేను. నాయనకు ఎరుకే అని దేవసహాయానికి అబద్ధం చెప్పినా. అందుకే ఈ పొద్దు ఈయన్ని ఈడ పెట్టాల్సొచ్చింది. ఇది నా వల్లనే."

అందరికీ తెలిసిన సంగతే. అయినా అతని నోటినుంచి విన్నాక తిమ్మరాజు కర్ర తీసుకొని వెనక్కి జరిగాడు. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ కసరలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందని పెద్దలంటారు. ఎర్రిస్వామికి ఏమీ దిగలేదు. ఊరి ముందర బట్టలు విప్పుకొని నిలబడ్డట్టుంది అతనికి, అంతే.

దేవసహాయం గుంతలోకి దిగి చేతులు చాచాడు. లింగప్పను దించారు. తల మారక్క రాళ్ళ దిక్కు, కాళ్ళు ఊరి దిక్కు. పెద్దకొడుకు తల వెనక నిలబడి మొదటి మూడు పిడికిళ్ళ మన్ను వేయాలి. అది ఆచారం. ఎర్రిస్వామి మన్ను తీసుకొని తల దిక్కుకు నడిచాడు. అక్కడికి పోయాక గాని అతనికి తెలియలేదు. నాయన తల వెనక నిలబడాలంటే అమ్మ మీద నిలబడాలి. ఎత్తిన కాలు అట్లాగే ఆగిపోయింది.

పక్కకు జరుగుదామంటే ఒక దిక్కు అంకమ్మ దిబ్బ, ఒక దిక్కు వంక. జనం చూస్తున్నారు. ఎవరూ ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని చెప్పలేదు. ఇదివరకు ఎవరికీ ఇట్లాంటి అవస్థ వచ్చి ఉంటే గదా చెప్పడానికి. ఎర్రిస్వామి వెనక్కి తిరిగి, గుంత చుట్టూ నడిచి, నాయన కాళ్ళ దిక్కుకు వచ్చి నిలబడ్డాడు. అక్కడినుంచే మన్ను విసిరాడు. మూడు పిడికిళ్ళూ మోకాళ్ళ మీదే పడ్డాయి, మొహం దాకా పోలేదు. గుంతలో ఉన్న దేవసహాయం వంగి, ఆ మన్నును రెండు చేతుల్లోకి ఎత్తుకొని తల దగ్గరికి తీసుకుపోయి వేశాడు.